నెలకొక తప్పు

ఆయన పోయారన్న కబురు నాకు మూడు వైపుల నుంచి వచ్చింది. పొద్దున ఆసుపత్రి పాత ఉద్యోగుల వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు. పది గంటలకు మా అటెండరు వచ్చి చెప్పాడు. మధ్యాహ్నం క్యాంటీనులో ఒక నర్సు చెప్పింది. ముగ్గురు చెప్పాక ఇంకా అనుమానమెందుకని కళ్లనీళ్లు పెట్టుకోబోయి, ఆగాను. అటెండర్ని పిలిచాను.

"నీకెవరు చెప్పినారప్పా?"

"గ్రూపులో సూసినా మేడం."

నర్సును అడిగితే అటెండరు చెప్పాడంది. గ్రూపులో పెట్టినాయనకు ఫోన్ చేస్తే, ఇంకో గ్రూపులో చూసి ఇందులో పెట్టానన్నాడు. అంటే మూడు కబుర్లూ కలిపి ఒక్కటే. ఆ ఒక్కటి కూడా కళ్లారా చూసి చెప్పినవాళ్లు లేరు.

ఇలా ఆరా తీయడం ఆయన నేర్పిందే. దాన్ని ఆయన చావు దగ్గరే వాడాల్సి వస్తుందని అనుకోలేదు. సెలవు పెట్టి బస్టాండుకు పోయాను. కార్వేటినగరం బోర్డున్న బస్సు కనిపించింది. బోర్డు చూశాను, కండక్టర్ని అడిగాను, డ్రైవర్ని కూడా అడిగి ఎక్కాను. అదీ ఆయన అలవాటే. సాయంత్రం నాలుగు గంటలకు వాళ్ల ఇంటి ముందు షామియానా కింద ఆయన్ను చూశాను. కబురు నిజమే. అప్పుడు ఏడ్చాను.

తిరుపతిలో మా ఆసుపత్రి కంప్యూటర్ గదిలో నేను ఆయన కింద నాలుగేళ్లు పనిచేశాను. రెండో అంతస్తులో, ఎక్స్‌రే గది పక్కన. మెషీన్లు వేడెక్కకూడదని ఏసీ ఎప్పుడూ ఆడుతూ ఉండేది. బయట మే నెల ఎండకు జనం తడిగుడ్డలు నెత్తిన వేసుకొని పోతుంటే, లోపల ఆయన మెడకు మఫ్లరు చుట్టుకొని కూర్చునేవారు. రోగుల వివరాలు, రక్తపరీక్షల ఫలితాలు, మందుల నిల్వలు, అన్నీ ఆ గదిలోని పదకొండు మెషీన్లలో ఉండేవి. పదకొండూ యూనిక్స్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచేవి. మెషీన్లకు పేర్లు పెట్టాలి గనక ఆయన తన బస్సు దారిలోనూ ఆ చుట్టుపక్కలా ఉండే ఊళ్ల పేర్లు పెట్టుకున్నారు. రక్తపరీక్షలది పుత్తూరు. రోగుల రికార్డులది వడమాలపేట. మందులది నగరి. అన్నిటి నకళ్లు దాచేది కార్వేటినగరం, ఎందుకంటే అది ఆయన సొంతూరు. కొత్తగా చేరిన డాక్టరొకాయన, పుత్తూరు పొద్దున్నుంచి పలకడం లేదని మేము మాట్లాడుకోవడం విని, అక్కడేమైందని కంగారుగా అడిగారు.

"ఏం గాలే సార్, లేపుతాం," అన్నారాయన.

ఆయన దృష్టిలో మా ఉద్యోగంలో అసలు పని ఒకటే: ప్యాచ్ లెవల్ చూడడం. యూనిక్స్‌లో ఎక్కడో ఒకచోట లోపం బయటపడుతూనే ఉంటుంది. బయటపడినప్పుడల్లా యూనిక్స్‌ను తయారుచేసేవాళ్లు ఒక సవరణ పంపుతారు. అదే ప్యాచ్. ఎన్నో ప్యాచ్ దాకా వచ్చామో చెప్పే అంకె ప్యాచ్ లెవల్. మెషీన్ల వయసులు వేరు గనక ఒక్కోదానికి ఒక్కో అంకె. ఏడు అంటే ఏడో ప్యాచ్ దాకా పడిందని అర్థం. వినడానికి సులువే. చిక్కెక్కడంటే, ప్యాచ్ వేసినంత మాత్రాన మెషీను దాన్ని అందుకోదు. కొత్తది డిస్కులో కూర్చుని ఉంటుంది. మెషీను మాత్రం తాను నిద్ర లేచినప్పుడు చదువుకున్న పాతదానితోనే నడుస్తుంటుంది. దాన్ని ఆపి మళ్లీ లేపితేనే కొత్తది ఎక్కుతుంది. డిస్కులో ఏముందని అడిగితే ఏడు అంటుంది. నువ్వు నడిచేది దేంతో అని అడిగితే ఆరు అంటుంది. రెండూ నిజాలే.

"రెండు ప్రశ్నలూ అడగల్ల," అనేవారు. "ఒకటే అడిగి వచ్చేసినావంటే నువ్వు సూళ్లేదని అర్థం."

ఇందుకోసం ఆయన దగ్గర ఒక పొడుగు నోటు పుస్తకం ఉండేది. నెలకొక పేజీ. పేజీకి పదకొండు వరుసలు, ఊరికొకటి. వరుసకు నాలుగు గళ్లు: రావాల్సింది, పెట్టింది, నడిచేది, చూసినవారు. మొదటి మూడు గళ్లు ఆయన నింపేవారు. నాలుగోది రెండో మనిషిది. రాసినవాళ్లే చూసినట్టు సంతకం పెట్టకూడదన్నది ఆయన నియమం. ఆ రెండో మనిషిని నేను. మెషీన్లను రెండు ప్రశ్నలూ అడిగి, పుస్తకంతో సరిచూసి, సంతకం పెట్టాలి. తర్వాత అంతా శుభ్రంగా టైపు చేసి పై అంతస్తులో ఉండే అడ్మినిస్ట్రేటరుకు పంపాలి. పుస్తకం మాత్రం మా ఇద్దరికి తప్ప ఎవరికీ కనిపించేది కాదు.

మొదటి నెల ఆయన పుస్తకం నా ముందు పెట్టి టీకి పోయారు. నేను ఉద్యోగంలో చేరి ఇరవై రోజులు. తల నెరిసిన మనిషి రాసిందాన్ని నేను సరిచూడడమేమిటి, అది మర్యాదేనా అనుకున్నాను. మా ఇంట్లో నాయన ఏదైనా చెబితే నిజమేనా అని అడిగిన పాపాన పోలేదు. పదకొండు సంతకాలు గబగబా పెట్టి పుస్తకం మూసేశాను. ఆయన తిరిగొచ్చి, పుస్తకం తెరిచి, వడమాలపేట వరుస మీద వేలు పెట్టారు.

"ఇదెంత?"

"ఏడు సార్."

"మిషన్ను అడుగు."

అడిగాను. ఆరు అంది.

"మీరు ఏడని రాసినారు కద సార్," అన్నాను.

"నేను రాస్తే? నేనేమన్నా కొండమీదుండే దేవున్నా? ఆయప్పే దిగొచ్చి రాసినా సరే, మిషన్ను అడిగి సంతకం పెట్టు."

తప్పు ఆయన కావాలని పెట్టింది. ప్రతినెలా ఒకటి పెడతారట. ఏ ఊరి దగ్గర పెడతారో చెప్పరట.

"నువ్వు దాన్ని పట్టుకోవాల. పట్టుకోలేదనుకో, మిషన్ను సూడకుండా నా మొకం సూసి సంతకం పెట్టినావని తెలిసిపోతాది."

ఆ తర్వాత మూడేళ్లకు పైగా మా ఇద్దరి మధ్య ఇదే తంతు. ఆయన తప్పు పెట్టేవారు. నేను వెతికి పట్టుకొని, ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, పక్కన అసలు అంకె వేసి, సంతకం పెట్టి, పుస్తకం ఆయన వైపు జరిపేదాన్ని. ఆయన సున్నాను చూసి "ఊ" అనేవారు. అంతే. శభాష్ లేదు, బాగుంది లేదు. ఆ ఊ కోసం నేను పుస్తకం జరిపి అక్కడే నిలబడేదాన్ని. డిగ్రీలో ఫస్టు క్లాసు వచ్చినప్పటి కంటే ఆ ఊకి ఎక్కువ సంతోషపడేదాన్నని ఇప్పుడు చెప్పడానికి నాకు సిగ్గేమీ లేదు.

మెషీన్ల దగ్గర మాత్రమే ఇలాగనుకుంటే పొరపాటు. పొద్దున క్యారియరులో ఏం పెట్టిందో ఆయన భార్య చెప్పే పంపేది. ఒంటిగంటకు మూత తీసేదాకా ఆయన ఏ కూరనూ ఒప్పుకునేవారు కాదు. ఏం తెచ్చుకున్నారు సార్ అని అడిగితే, "సంగటి, చెనిక్కాయల ఊరిబిండి అని సెప్పింది," అనేవారు. మూత తీశాక, "అదే," అనేవారు. కింద వరండాలో డాక్టర్ల పేర్ల పక్కన ఉన్నారు, లేరు అని జరిపే చెక్క పలకలుండేవి. ఆయన టీకి పోయేటప్పుడు ఒక్కో గదిలోకి తొంగిచూసి, పలకలు సరిచేసుకుంటూ పోయేవారు. దీనిమీద పెద్ద డాక్టరొకాయన కోప్పడి ఫిర్యాదు చేశారు. సంజాయిషీ ఇచ్చుకుందామని ఆ డాక్టరు గదికి పోతే, పలక మీద ఉన్నారు, కుర్చీలో లేరు. పలకను సరిచేసి వచ్చేశాం.

శ్రీహరికోట నుంచి రాకెట్ పోయే రోజున ఆసుపత్రి మేడ మీదికి అందరూ ఎక్కేవాళ్లు. తూర్పున నిప్పుచుక్క లేచి, వెనక తెల్లటి గీత గీసుకుంటూ పోతుంటే నర్సులు, వార్డు బాయిలు, లేచి నడవగలిగిన రోగులు చప్పట్లు కొట్టేవాళ్లు. ఆయన చేతులు కట్టుకొని చివరిదాకా చూసేవారు.

"పోయింది సార్!" అన్నాను ఒకసారి సంబరంగా.

"పైకి పోయింది. అది సూసినా. పోవాల్సిన సోటికి పోయిందా లేదా, అది నేను సూళ్లేదు."

మర్నాడు పేపర్లో పెద్దక్షరాలతో విజయవంతమని వేశారు. తెచ్చి చూపించాను. చదివి, మడిచి ఇచ్చేశారు. "పేపరోడు సూసింటాడా?" అన్నారు. ఆయన చప్పట్లు కొట్టగా నేను చూడలేదు.

నాలుగో ఏడు మొదట్లో ఒక నెల నాకు రెండు తప్పులు దొరికాయి.

"ఈ నెల రెండు పెట్టినారా సార్?"

టీ గ్లాసు పెదాల దాకా తెచ్చుకున్నవారు ఆగి పుస్తకం చూశారు.

"ఆ. ఒకటే పెడతా ఉంటే నీకు అలవాటైపోతాది."

నమ్మాను. ఆయన రాసే అంకెలు తప్ప, ఆయన చెప్పే మాటలన్నీ నమ్మేదాన్ని. ఆ మాటలను సరిచూసే పద్ధతి ఆయన నేర్పలేదు.

మరుసటి నెల మూడు దొరికాయి. ఆపై నెల నాలుగు. ఆ నాలుగింటిలో ఒకటి అంకె తప్పు కాదు. నగరి వరుస రెండుసార్లు రాశారు, నారాయణవనం రాయలేదు. తప్పు పెట్టాలనుకున్నవాళ్లు అంకె మారుస్తారు, ఊరిని మరిచిపోరు. ఆ రోజు ఒంటిగంటకు ఆయన క్యారియరు మూత తీసి, చూసి, పెట్టేసి, ఐదు నిమిషాల తర్వాత ఏముందోనని మళ్లీ తీశారు. నాకు విషయం అర్థమైంది. సున్నాలు చుట్టి పుస్తకం జరిపాను.

"ఈ నెల చానా కష్టంగా పెట్టినారు సార్."

ఆయన నాలుగు సున్నాలనూ ఒక్కొక్కటిగా చూసి, చాలా ఆలస్యంగా "ఊ" అన్నారు.

ఆయన ఆ ఏడే రిటైర్ కావాలి. అయ్యాక ఇంకో రెండేళ్లు ఉంచుకుంటామని అడ్మినిస్ట్రేటరు మాటిచ్చారు. ఆయనకు ఆ రెండేళ్లు కావాలి. రిటైర్మెంటు ఊసు వస్తే చాలు, "ఇంటికాడ సూసేదానికి ఏముండాది పాపా? గ్యాసు, నీళ్ల మోటరు. రెండే మిషన్లు," అనేవారు. నేను నోరు తెరిస్తే ఆ రెండేళ్లు పోతాయి. తెరవకపోతే ఏమవుతుంది? ప్రతి వరుసా నేను సరిచూస్తున్నాను. టైపు చేసి పైకి పంపే కాగితంలో ఒక్క తప్పూ లేదు. ఎవరికేం నష్టమని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ఒకరోజు మెట్ల దగ్గర అడ్మినిస్ట్రేటరే ఆపి అడిగారు. "సార్ పని ఎలా ఉందమ్మా? కాగితాలు సిద్ధం చేయమంటారా?"

"ఎప్పటిలాగే ఉంది సార్," అన్నాను.

ఇది అబద్ధం కాదని రెండో అంతస్తు చేరేలోపు నన్ను నేను ఒప్పించుకున్నాను. ఎప్పటిలాగే ఆయన రాస్తున్నారు, ఎప్పటిలాగే నేను చూస్తున్నాను.

ఆ నెలలోనే పుత్తూరుకు ఒక ముఖ్యమైన ప్యాచ్ వచ్చింది. ఎక్కడో దూరం నుంచి ఎవడైనా లోపలికి దూరి రక్తపరీక్ష ఫలితాలను మార్చడానికి వీలిచ్చే లోపమది. దానికి విరుగుడు తొమ్మిదో ప్యాచ్. ఆయన స్వయంగా వేశారు. పుస్తకంలో పెట్టింది తొమ్మిది, నడిచేది తొమ్మిది అని రాశారు. పక్కన చిన్న అక్షరాలతో, మధ్యాహ్నం రెండున్నరకు ఆపి లేపినానని కూడా రాశారు. మామూలుగా అంత వివరం రాసేవారు కాదు.

మూడు వారాల తర్వాత, నెలాఖరున, నేను పుత్తూరును అడిగాను. డిస్కులో తొమ్మిది. నడిచేది ఎనిమిది. మళ్లీ అడిగాను. ఎనిమిదే. ఎన్ని రోజులుగా మేలుకొని ఉన్నావని అడిగాను. అలా అడగడానికీ ఒక కమాండు ఉంటుంది. నూట నలభై రోజులు అంది. నిజంగా ఆపి లేపి ఉంటే ఆ అంకె ఇరవై చిల్లర ఉండాలి. ఎందుకో అనుమానమొచ్చి వడమాలపేటను అడిగాను. అది మాత్రం సరిగ్గా ఆ రోజు రెండున్నరకు ఆగి లేచింది. ఆ మధ్యాహ్నం పది నిమిషాలపాటు రికార్డులు కనబడడం లేదని కింది నుంచి ఫోన్లు వచ్చిన సంగతి గుర్తొచ్చింది. తెర మీద రెండు ఊళ్ల కిటికీలు పక్కపక్కన తెరిచి పెట్టుకొని, ఒకదాంట్లో కొట్టాల్సిన ఆజ్ఞ ఇంకోదాంట్లో కొట్టారు. మా పనిలో అందరమూ ఎప్పుడో ఒకప్పుడు చేసే పొరపాటే. చేసి, చూసుకొని, నాలుక కరుచుకొని, సరిదిద్దుకుంటాం. ఆయన చూసుకోలేదు. మూడు వారాలు పుత్తూరు తలుపుకు గొళ్లెం లేదు.

"సార్, ఒకసారి వచ్చి చూడండి," అన్నాను.

ఆయన వచ్చారు. కళ్లద్దాలు మఫ్లరు చివరతో తుడుచుకొని, కీబోర్డు తన వైపు లాక్కొని, రెండు ప్రశ్నలూ తానే అడిగారు. మూడోదీ అడిగారు. నూట నలభైని చూస్తూ వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నారు. నేను అప్పుడు కూడా ఆయనకు తప్పించుకునే దారి చూపించాను.

"ఈ నెల ఇక్కడ పెట్టినారా సార్?"

ఆయన తల తిప్పి నా వైపు చూశారు.

"రక్తపరీక్షల మిషన్లో ఎవురన్నా పెడతారా పాపా? ఇది నేను పెట్టింది కాదు. పడింది."

ఆయన పుస్తకం దగ్గరికి లాక్కొని పేజీలు వెనక్కి తిప్పారు.

"మిగతావి గూడా పడినవే," అన్నారు. "నీకు తెలుసు గదా."

"తెలుసు సార్."

"ఎప్పట్నించి?"

"నగరి రెండుసార్లు రాసిన నెల నుంచి."

"మరి సెప్పలేదే?"

ఎర్ర పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టాను.

"నేను బాధపడతానని సెప్పలేదు," అని ఆయనే అన్నారు. కోపంగా అనలేదు. "మిషన్ అట్ల దాసిపెట్టదు సూడు. అడిగితే సెప్పేస్తాది."

ముందు పుత్తూరును లేపమన్నారు. ల్యాబుకు ఫోన్ చేసి చెప్పి, ఆపి, లేపాను. ఈసారి రెండు ప్రశ్నలకూ తొమ్మిదే చెప్పింది. ఆయన నా వెనక నిలబడి చూసి, నాలుగో గడిలో తానే సంతకం పెట్టారు. ఆ మూడు వారాల ఫలితాలన్నీ ల్యాబువాళ్ల కాగితాలతో సరిచూడడానికి మా ఇద్దరికీ రెండు రోజులు పట్టింది. ఎవరూ చొరబడలేదు, ఏ అంకె కూడా మారలేదు. మూడో రోజు పొద్దున ఆయన పుస్తకం చంకలో పెట్టుకొని పై అంతస్తు మెట్లెక్కారు. నేను వెనకే పోయాను.

అడ్మినిస్ట్రేటరు ఆ పుస్తకం చూడడం అదే మొదలు. పేజీలు తిప్పారు. పేజీకొక ఎర్ర సున్నా, ఏళ్ల తరబడి. అడ్మినిస్ట్రేటరు ముఖం మారిపోయింది.

"ఏంటి సార్, ఇన్ని తప్పులా!"

"అవి మంచి పేజీలు సార్. ఒకటే ఉండేటివి వదిలేయండి. రెండు, మూడు ఉండేటివి సూడండి."

తప్పు ఎందుకు పెట్టేవారో, పెట్టనిది ఎలా పడిందో, పుత్తూరు సంగతితో సహా విడమరిచి చెప్పారు. చెప్పడానికి పావుగంట పట్టింది. ఆ పావుగంటలో ఎక్కడా తడబడలేదు. చివరన, "రెండేళ్లు ఉంచుతామన్నారు గదా సార్, వద్దు. వచ్చే నెలాకరుకు నన్ను పంపించేయండి. ఈమె రాస్తాది," అన్నారు.

అడ్మినిస్ట్రేటరు నా వైపు తిరిగారు. "మొన్న నేనడిగితే ఎప్పటిలాగే ఉందన్నారు కదమ్మా?"

తల దించుకున్నాను. నా ఉద్యోగం కూడా పోయిందనే అనుకున్నాను.

"ఆమె మిషన్ను సూసింది, నన్ను గూడా సూసింది సార్," అన్నారాయన. "మీరు అడిగితే నన్ను సూసి సెప్పింది. ఇంకోసారి అట్ల సెప్పదు."

మెట్లు దిగుతుంటే నాకు ఏడుపు ఆగలేదు. ఆయన ఓదార్చలేదు. "టీ తాగుదాం పా," అన్నారు. క్యాంటీనులో టీ వేడిగా ఉందని కుర్రవాడెవడో అంటే గ్లాసు ముట్టుకొని చూసి, ఉందని ఒప్పుకున్నారు.

చివరి నెల రాసేది నేను, చూసేది ఆయన. పద్ధతి ప్రకారం నేనొక తప్పు పెట్టాలి. ఎక్కడ పెట్టాలా అని రెండు రోజులు ఆలోచించాను. మరీ సులువుగా పెడితే జాలి పడ్డట్టుంటుంది. కష్టంగా పెడితే దొరకదేమోనని భయం. చివరికి నగరి దగ్గర ఏడుకు బదులు ఎనిమిది వేశాను. పొద్దున తొమ్మిదిన్నరకు ఆయన కూర్చున్నారు. మామూలుగా గంట పని. ఒక్కో ఊరినీ అడగడం, పుస్తకం చూడడం, ఏం చూశారో మరిచిపోయి మళ్లీ అడగడం. మధ్యాహ్నం క్యారియరు తెరవలేదు. మూడుసార్లు నగరిని దాటిపోయారు. చూడలేక నేను వరండాలోకి పోయి ఎక్స్‌రే కోసం కూర్చున్నవాళ్ల పక్కన కూర్చున్నాను. ఐదుంబావుకు, ఆయన బస్సు వేళకు, తిరిగొచ్చాను. ఎర్ర పెన్ను ఇమ్మన్నారు. నగరి చుట్టూ సున్నా చుట్టారు. సంతకం పెట్టి, పుస్తకం నా వైపు జరిపి, నిలబడ్డారు. ఎందుకు నిలబడ్డారో నాకు వెంటనే తోచలేదు. తర్వాత గుర్తొచ్చింది.

"ఊ," అన్నాను.

ఆయన పళ్లు కనిపించేలా నవ్వడం ఆ ఒక్కసారే చూశాను.

వీడ్కోలు సభలో శాలువా కప్పి ఒక గోడ గడియారం ఇచ్చారు. వేదిక మీదే దాన్ని తన చేతి గడియారంతో పోల్చి చూసి, మైకులో, "నాలుగు నిమిషాలు ఎనకుండాది," అన్నారు. ఆయన ప్రసంగం అంతే.

తర్వాత మొదట్లో నెలకోసారి ఫోన్ చేసేవారు. నా కింద కొత్తగా ఒకమ్మాయి చేరింది. "ఈ నెల యాడ పెట్టినావు? పట్టుకునిందా?" అని అడిగేవారు. రానురాను ఒకే ఫోన్లో అదే ప్రశ్న రెండుసార్లు, మూడుసార్లు అడగడం మొదలైంది. తర్వాత ఫోన్లు ఆగిపోయాయి. నేను కూడా చేయలేదు. ఆయన గొంతులో తప్పులు వినలేకపోయాను. చేసి ఉండాల్సింది. దీనికి నా దగ్గర ఏ సర్దుబాటూ లేదు.

దినాలకు మళ్లీ కార్వేటినగరం పోయాను. జనం తగ్గాక ఆయన భార్య నా పక్కన వచ్చి కూర్చుంది.

"ఆఖరికి నా పేరు గూడా మరిసిపోయినాడమ్మా. వాళ్లక్క పేరు పెట్టి పిలిసేవాడు. గ్యాసు మాత్రం మరవలే. ఆపినావా అనేవాడు. ఆపినా అంటే, సూసినావా అనేవాడు. సూసినా అంటే, లేసిపోయి తానే సూసొచ్చేవాడు. మల్లా ఐదు నిమిషాలకు, ఆపినావా."

ఆమె నవ్వింది. నవ్వి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. లోపలికి పోయి ఒక పొడుగు నోటు పుస్తకం తెచ్చింది.

"ఇదేందో నాకు తెలీదు. పాత పేపర్లకు ఏసేద్దామనుకుంటాండా. నీకేమన్నా పనికొస్తాదంటే ఎత్తకపో."

మొదటి పేజీల్లో రెండేసి వరుసలు: గ్యాసు, మోటరు. నాలుగు గళ్లు. చూసినవారు గడిలో ఆమె సంతకం. "దినామ్మూ పెట్టమని పానం తీసేవాడు," అంది. కొన్ని నెలలకు ఆమె సంతకాలు ఆగిపోయాయి. ఆ తర్వాత ఖాళీ పేజీలు. చివరన ఒక్క పేజీలో పదకొండు వరుసలు, పదకొండు ఊళ్లు. అక్షరాలు వంకరపోయాయి గానీ వరుస తప్పలేదు. పైన తేదీ పోయిన నెలది. నాలుగో గడి ఖాళీ.

బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. ఆ అంకెలు ఎక్కడో చూసినట్టే ఉన్నాయి. మర్నాడు ఆఫీసులో పాత పుస్తకం తీసి, నేను రాసి ఆయన చూసిన ఆ చివరి నెల పేజీని దీని పక్కన పెట్టాను. అదే ఇది. స్కేలు ఆనించి ఒక్కో వరుసా సరిచూశాను. పదకొండు వరుసలు, వరుసకు మూడు, మొత్తం ముప్పై మూడు అంకెలు. భార్య పేరు గుర్తులేని మనిషి రాసినవి. పుత్తూరు సరిపోయింది. నారాయణవనం సరిపోయింది. నగరి దగ్గర నేను పెట్టిన తప్పు కాకుండా, ఆయన దిద్దిన ఏడే వేశారు. ముప్పై రెండు సరిపోయాయి. వడమాలపేట ఒక్కటి సరిపోలేదు. పాత పుస్తకంలో నడిచేది ఎనిమిది. ఇందులో తొమ్మిది. మొదటి నెల నేను ఆయన ముఖం చూసి సంతకం పెట్టిన వరుస అదే.

ఒక్కటే తప్పు. ఆయన పెట్టిందా, పడిందా అని అడగడానికి ఇప్పుడు ఎవరూ లేరు. చూసిందే చెప్పాలి గనక, నాకు తెలియదని చెబుతున్నాను. పెట్టిందే అయ్యుండాలని మాత్రం నాకు చాలా ఆశగా ఉంది.

ఎర్ర పెన్ను తీసి తొమ్మిది చుట్టూ సున్నా చుట్టాను. పక్కన ఎనిమిది వేశాను. చూసినవారు గడుల్లో పదకొండు సంతకాలు పెట్టాను. పుస్తకాన్ని ఆయన కుర్చీ ఉండే వైపుకు జరిపి, అలవాటుకొద్దీ ఊ కోసం నిలబడ్డాను. చాలాసేపు నిలబడ్డాను.